లేసు శాలువకు అంచు : కూర్పు, లెక్క, కూలి

పొలమునకు గట్టు ఎట్టిదో, అల్లిన శాలువకు అంచు అట్టిది. గట్టు సరిగా లేని మడిలో నీరు నిలువదు; అంచు సరిగా కుదరని శాలువ రెండు ఉతుకులకే చుట్టుకొనిపోవును. నడుమ భాగము ఎంత నేర్పుతో అల్లినను, కొనువాని చూపు మొదట పడునది అంచుమీదనే. అయినను కూలి లెక్కించునపుడు మాత్రము అంచును ఎవరును వేరుగా లెక్కించుట లేదు. అది శాలువలో ఒక భాగమే గదా యని త్రోసివేయుట వాడుకగా నున్నది.

పంచాయతీ సభ్యులకు అల్లికపనితో ఏమి ప్రసక్తి యని కొందరికి తోచవచ్చును. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురము, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతములందు లేసు అల్లిక అనేక కుటుంబములకు ఆదాయము సమకూర్చుచున్నది. ఇతర జిల్లాలలో సయితము ఉన్నిదారముతో స్వెట్టర్లు, టోపీలు, శాలువలు అల్లగల స్త్రీలు ఉన్నారు. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు కూడ పేర్కొనబడినవి. కావున ఈ పని ఎట్లు జరుగునో, ఇందులో శ్రమ ఎక్కడ దాగియున్నదో సభ్యులు తెలిసికొనుట అవసరము. లెక్క తెలియని పెద్దమనిషి తగవు తీర్చలేడు గదా!

ఈ వ్యాసమున లేసు శాలువ అంచును కూర్చు విధమును మొదటినుండి వివరింతుము. అల్లిక రాని వారికి సయితము తెలియునట్లు చెప్పుటకు ప్రయత్నింతుము.

లేసు అనగా నేమి?

లేసు అనగా రంధ్రములతో కూడిన అల్లిక. రంధ్రములు ఊరక పడినవి కావు. లెక్క ప్రకారము పెట్టినవి. రెండు సూదులతో అల్లునపుడు, సూదిమీద వరుసగా నుండు ఉచ్చులను కుట్లందురు. ఒకచోట దారమును సూదిమీదికి ఊరక ఒక చుట్టు వేసినచో అచట ఒక రంధ్రము ఏర్పడును. అదే సమయమున కుట్ల సంఖ్య ఒకటి పెరుగును. ఆ పెరిగినదానిని సరిపుచ్చుటకు వేరొకచోట రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లుదురు. లేసు అల్లిక కంతటికిని మూలము ఈ రెండు పనులే: ఒక చుట్టు వేయుట, ఒక జంట కలుపుట. చుట్టులును జంటలును సమానముగా నున్నంతవరకు బట్ట వెడల్పు మారదు. చుట్టులు హెచ్చినచో వెడల్పు పెరుగును. జంటలు హెచ్చినచో తరుగును. ఈ పెరుగుదల తరుగుదలలను అదుపులో నుంచుకొని ఆకారము తీయుటయే అంచు కూర్పులోని కిటుకు.

మన చీరలలో కోటకొమ్ము అంచును చూచినవారికి అల్లిక అంచు సులభముగా బోధపడును. వరుసగా నిలిచిన కొమ్ములు, వాని నడుమ లోయలు. అల్లికలో ఒక్కొక్క కొమ్మును కొన్ని వరుసలలో క్రమముగా పెంచి, ఒక్కసారిగా తగ్గింతురు. మరల మొదటినుండి పెంతురు. ఇట్లు శాలువ చుట్టును కొమ్ములు తిరిగి వచ్చును. ఈ వ్యాసములో మేము ఆ ఆకారమును కొమ్ము అనియే పిలుతుము.

ఇతర దేశముల పద్ధతులు

చేతితో అల్లిన లేసు శాలువలకు ప్రపంచమున పేరుపొందిన ప్రదేశములు కొన్ని కలవు. స్కాట్లాండునకు ఉత్తరమున సముద్రమధ్యమందున్న షెట్లాండు దీవులు వానిలో ముఖ్యమైనవి. అచట అన్‌స్ట్ అను దీవిలో అల్లిన శాలువలు ఎంత పలుచనివనగా, ఒక నిలువెడు శాలువను పెండ్లి ఉంగరములోనుండి ఈవలికి లాగవచ్చును. రష్యాలో ఉరల్ పర్వతముల దక్షిణ భాగమందున్న ఓరెన్‌బుర్గ్ ప్రాంతమున మేకల మెత్తని లోబొచ్చుతో శాలువలు అల్లుదురు. ఎస్తోనియా దేశమున హాప్సాలు అను తీరపట్టణపు శాలువలు మూడవవి. ఆ పట్టణమునకు వేసవిలో సముద్రస్నానమునకై వచ్చువారికి అమ్ముటతో ఆ పని వృద్ధిపొందినది.

ఈ మూడు చోట్లను అంచు సమస్యను మూడు విధములుగా పరిష్కరించుకొనిరి. షెట్లాండులో చాలకాలము వాడుకలో నున్న పద్ధతి ప్రకారము అంచునే మొదట అల్లి, దాని లోపలి తిన్నని ప్రక్కనుండి కుట్లు ఎత్తుకొని, లోనికి అల్లుకొనుచు పోవుదురు. ఓరెన్‌బుర్గ్‌లో అడుగు కొమ్ముల పట్టీతో మొదలుపెట్టి, ప్రక్కల కొమ్ములను నడుమ భాగముతోపాటే అల్లుదురు. హాప్సాలులో అంచును విడిగా అల్లి, శాలువకు సూదిదారముతో కుట్టి చేర్చుదురు. నాలుగవ పద్ధతి ఒకటి కలదు. అది నడుమ భాగము ముగిసిన పిమ్మట, అంచును అల్లుచునే శాలువకు కలుపుకొనుచు పోవుట. నేర్చుకొనువారికి ఇది అనుకూలమైనది. దీనిలో కుట్టుపని ఉండదు. లెక్క సరిపోయినదో లేదో వెంటనే తెలియును. కావున దీనినే ఇచట వివరింతుము.

అంచు కలుపు విధము

అంచు శాలువ పొడవునకు అడ్డముగా అల్లబడును. దానికి కావలసిన కుట్లు కొన్నియే. 8 కుట్లను సూదికి ఎక్కించినామనుకొందము. మొదటి వరుస శాలువ ప్రక్కనుండి వెలుపలికి పోవును. రెండవ వరుస వెలుపలినుండి శాలువవైపు తిరిగి వచ్చును. తిరిగి వచ్చిన ప్రతిసారియు, అంచులోని చివరి కుట్టును శాలువలోని ఒక కుట్టుతో కలిపి ఒకటిగా అల్లవలెను. దీనితో అంచు శాలువకు అతుకుకొనును. అనగా అంచులో 2 వరుసలకు శాలువలో 1 కుట్టు ఖర్చగును. ఈ ఒక్క సూత్రము గుర్తున్నచో తక్కిన లెక్క అంతయు దానినుండియే వచ్చును.

2 వరుసలకు 1 కుట్టు అను నిష్పత్తి ఎట్లు వచ్చినదని అడుగవచ్చును. అన్ని వరుసలను సాదా కుట్టుతోనే అల్లిన బట్టలో, ఒక కుట్టు వెడల్పును రెండు వరుసల ఎత్తును సుమారుగా సమానము. కావున 2 వరుసలకు 1 కుట్టు చొప్పున కలిపినచో అంచు లాగుకొనదు, ముడుతలు పడదు. ఇంకను వదులుగా కలిపినచో అంచు అలలు అలలుగా లేచును. బిగువుగా కలిపినచో శాలువ అంచులు లోనికి ముడుచుకొనును.

12 వరుసల కొమ్ము

ఇపుడు ఒక కొమ్మును కూర్చుదము. 8 కుట్లతో ఆరంభింపవలెను. వెలుపలికి పోవు ప్రతి వరుసలోను, చివరకు వచ్చుసరికి ఒక చుట్టు వేసి 1 కుట్టు పెంచవలెను. నడుమ ఒకటి రెండు చోట్ల చుట్టును జంటను ప్రక్క ప్రక్కన వేసినచో రంధ్రములు వరుసగా పడి అందమిచ్చును. చుట్టును జంటయు సమానమే గనుక వీనిచే కుట్ల సంఖ్య మారదు. తిరిగి వచ్చు వరుసలను సాదాగా అల్లి, చివర శాలువకు కలుపవలెను.

1, 3, 5, 7, 9, 11 వరుసలలో ఒక్కొక్క కుట్టు పెరిగి, 11వ వరుస ముగియునప్పటికి సూదిమీద 14 కుట్లుండును. 12వ వరుస మొదట, అనగా వెలుపలి కొననుండి, 6 కుట్లను దింపివేయవలెను. మిగిలిన 8 కుట్లను అల్లి, చివరి దానిని శాలువకు కలుపవలెను. కొమ్ము పూర్తియైనది, మరల 8 కుట్లే మిగిలినవి. ఈ 12 వరుసలలో 6 మార్లు శాలువకు కలిపితిమి. కావున ఒక్క కొమ్మునకు శాలువలో 6 కుట్లు కావలెను.

ఇందుచేత శాలువ ప్రక్కనున్న కుట్ల సంఖ్య 6 చేత నిశ్శేషముగా భాగింపబడవలెను. 240 కుట్ల ప్రక్క యైనచో 40 కొమ్ములు నిండుగా వచ్చును. 243 ఉన్నచో 40 కొమ్ముల పిమ్మట 3 కుట్లు మిగిలిపోవును. సగము కొమ్ము అసహ్యముగా కనబడును. దీనికి పరిహారము కలదు. నడుమ భాగపు చివరి వరుసలో 81 కుట్లకు ఒకచోట చొప్పున మూడు చోట్ల జంటలు కలిపినచో 240 అగును. అంతకంటె మేలైన మార్గము అంచును ముందుగా నిర్ణయించుకొని, దానికి తగినట్లు నడుమ భాగపు కుట్లు ఎక్కించుట. ఇల్లు కట్టువాడు పైకప్పు కొలత చూచుకొనియే గోడలు లేపును గదా!

మూలలు తిరుగుట

నలుపలకల శాలువలో కష్టమైన చోటు మూల. అంచుయొక్క లోపలి ప్రక్క మూల చుట్టు ఒక బిందువువద్ద తిరుగును. వెలుపలి ప్రక్క మాత్రము చాల దూరము తిరిగి రావలెను. ఎడ్లబండి మలుపు తిరుగునపుడు లోపలి చక్రము కొద్దిగా కదలును, వెలుపలి చక్రము ఎక్కువగా తిరుగును. అంచు విషయమును అట్టిదే. మూలవద్ద కూడ మామూలుగానే కలుపుకొని పోయినచో, వెలుపల బట్ట చాలక మూల గిన్నెవలె ముడుచుకొనును.

కావున మూలవద్ద అధికముగా వరుసలు ఉండవలెను. సులభమైన పద్ధతి ఇది. మూలకు ఈవలి 3 కుట్లును ఆవలి 3 కుట్లును, మొత్తము 6 కుట్లలో ఒక్కొక్కదానికి రెండేసి మార్లు కలుపవలెను. మామూలుగా 6 కుట్లకు 6 కలుపులు. ఇచట 12 కలుపులు అగును. అనగా ఒక కొమ్ము అదనముగా వచ్చును. కొమ్ముల క్రమము చెడదు. మూల చక్కగా పరచుకొనును.

ప్రక్కకు 240 కుట్లు గల నలుపలకల శాలువకు లెక్క చూతము. నాలుగు ప్రక్కలకు 960 కుట్లు. వానికి 160 కొమ్ములు. నాలుగు మూలలకు 4 కొమ్ములు అధికము. మొత్తము 164 కొమ్ములు. ఒక్కొక్క కొమ్మునకు 12 వరుసలు గనుక అంచు మొత్తము 1,968 వరుసలు.

శ్రమ ఎక్కడ దాగియున్నది?

ఇపుడు కూలి ప్రశ్నకు వత్తము. ఒక్క కొమ్ములో అల్లిన కుట్లను వరుసవారీగా కూడినచో 132 వచ్చును. 164 కొమ్ములకు 21,648 కుట్లు. నడుమ భాగము 240 కుట్ల వెడల్పు, 480 వరుసల ఎత్తు గనుక 1,15,200 కుట్లు. అనగా అంచులోని పని నడుమ భాగపు పనిలో ఐదవవంతునకు కొంచెము తక్కువ. పైగా అంచులో వరుసకు పదిపండ్రెండు కుట్లే యుండుటచే మాటిమాటికి సూదులు త్రిప్పవలెను, కలుపవలెను, పెంచవలెను. ఒక్క కుట్టునకు పట్టు కాలము నడుమ భాగములోకంటె అంచులో హెచ్చుగానే యుండును.

ఉదాహరణకు ఒక స్త్రీ ఒక కొమ్మును 12 నిమిషములలో అల్లుననుకొందము. 164 కొమ్ములకు 1,968 నిమిషములు, అనగా 32 గంటల 48 నిమిషములు. దినమునకు 8 గంటల చొప్పున ఇది 4 దినములకు మించిన పని. శాలువకు ఇంత యని ఒక్క మాటలో బేరము కుదిర్చి, అంచు సంగతి తలపెట్టనిచో, ఈ నాలుగు దినముల కూలి ఎవరికిని కనబడకుండ పోవును.

ఇంకొక చిక్కు కలదు. దీనిని సభ్యులు శ్రద్ధగా గమనింపవలెను. కొనువాడు కొత్త నమూనా తెచ్చి, 12 వరుసల కొమ్మునకు బదులు 16 వరుసల పెద్ద కొమ్ము కావలెనని కోరెననుకొందము. 8 కుట్లతో ఆరంభించి 16 వరకు పెంచి, ఒక్కసారిగా 8 దింపు కొమ్ము ఇది. దీనికి శాలువలో 8 కుట్లు కావలెను. ప్రక్కకు 30 చొప్పున 120, మూలలకు 4, మొత్తము 124 కొమ్ములు. చూచుటకు 40 కొమ్ములు తగ్గినవి. కాని ఒక్కొక్క కొమ్ములో 192 కుట్లు గనుక మొత్తము 23,808 కుట్లు అగును. అనగా పని నూటికి పది వంతులు పెరిగినది.

కొమ్మునకు ఇంత యని కూలి యిచ్చు చోట, కొత్త నమూనాకును పాత రేటే కట్టినచో ఏమగును? 164 కొమ్ములకు బదులు 124 కొమ్ములకే కూలి ముట్టును. పని పదవవంతు పెరుగును. కూలి నాలుగవవంతు తగ్గును. ఇందులో మోసము చేయవలెనను తలంపు ఎవరికిని లేకపోవచ్చును. లెక్క తెలియకపోవుటయే నష్టమునకు చాలును. అంచు లెక్క అల్లు స్త్రీకి తెలిసినపుడు, నమూనా మారిన నాడే ఆమె కొత్త రేటు అడుగగలదు. తెలియనిచో శాలువ పూర్తియైన పిమ్మటగాని చేతినొప్పి రూపమున ఆ సంగతి బోధపడదు.

కొంకి అల్లికకు ఇదే లెక్క

నరసాపురము ప్రాంతపు లేసు రెండు సూదులతో కాక, ఒక్క కొంకితో నూలుదారమును అల్లునది. అచట ఈ పని 19వ శతాబ్దపు మధ్యభాగమున క్రైస్తవ మిషనరీల ద్వారా ప్రవేశించినది. పూవులను కొందరు అల్లుదురు. వానిని ఒకటిగా చేర్చు అతుకుపనిని వేరొకరు చేయుదురు. పని తీరు వేరైనను అంచు లెక్క మారదు.

చేనేత శాలువకు కొంకితో అంచు వేయు విధమును క్లుప్తముగా చెప్పెదము. మొదట శాలువ చుట్టును పొట్టి కుట్లతో ఒక పునాది వరుస వేయవలెను. రెండవ వరుసలో ఒక కుట్టునందు 5 పొడవు కుట్లను వేసినచో అవి విసనకఱ్ఱవలె విచ్చుకొని గవ్వ ఆకారమగును. 2 కుట్లు వదలి మూడవదానిలో ఒక పొట్టి కుట్టు, మరల 2 వదలి గవ్వ. ఒక్కొక్క గవ్వకు 6 కుట్లు ఖర్చగును. కావున ఇచట కూడ ప్రక్కకు 6 చేత భాగింపబడు సంఖ్యయే కావలెను. మూలలోని గవ్వకు 5కు బదులు 9 పొడవు కుట్లు వేసినచో మూల ముడుచుకొనకుండ తిరుగును.

దారము విషయమున ఒక హెచ్చరిక. నూలుదారము, ఉన్ని ఉతుకులో ఒకే విధముగా కుంచించుకొనవు. శాలువయు దారమును వేర్వేరుగా తడిపి ఆరవేసి, కుంచించుకొను గుణము చూచిన పిమ్మటనే అంచు మొదలుపెట్టవలెను. రంగు దారమైనచో తెల్లని తడిబట్టతో రుద్ది, రంగు దిగునేమో పరీక్షింపవలెను.

అల్లిక ముగియగానే లేసు అందము బయటపడదు. సూదినుండి దిగిన లేసు నలిగిన కాగితమువలె ఉండును. దానిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పిండక, బట్టలో చుట్టి నీరు దీసి, ఒక చట్రముమీద సాగదీసి ప్రతి కొమ్ము కొనను పిన్నుతోగాని దారముతోగాని బిగించి ఆరవేయవలెను. షెట్లాండులోను హాప్సాలులోను ఇందుకై కొయ్య చట్రములు వాడుదురు. మన ఊరి వడ్రంగి అట్టి చట్రమును సులభముగా చేయగలడు.

చరిత్ర చెప్పు గుణపాఠము

లేసు ఎంత పేరు పొందినను, అల్లిన చేతికి తగిన కూలి ముట్టుట తనంతట తాను జరుగలేదు. షెట్లాండు దీవులలో చాలకాలము వర్తకులు అల్లిక స్త్రీలకు రొక్కము ఇయ్యక, తమ అంగళ్లలోని తేయాకు, బట్టలు మొదలగు సరకులనే కూలిగా ఇచ్చెడివారు. 1872లో ప్రభుత్వము ఈ విషయమును విచారింపవలసి వచ్చినది. రాణులు కప్పుకొనునంతటి శాలువలను అల్లినవారికి ఇంట ధాన్యము కొనుటకు చేతిలో రొక్కము లేదు.

మన నరసాపురము విషయమున, మరియా మీస్ అను జర్మను పండితురాలు 1970వ దశకమున అచట పరిశోధన జరిపి, 1982లో ఒక గ్రంథము ప్రకటించిరి. విదేశ విపణికి సరకు తయారుచేయు ఆ స్త్రీలను పనివారుగా గాక, తీరికవేళ ఏదో అల్లుకొను గృహిణులుగా ఎంచుటయే వారి స్వల్ప వేతనమునకు ముఖ్యకారణమని ఆమె చూపిరి. దినమునకు ఆరేడు గంటలు సాగు పని తీరిక పని ఎట్లగును?

2024లో నరసాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరుతో వేరొక చోటి సరకును అమ్ముట ఇపుడు చట్టవిరుద్ధము. ఇది సంతోషింపదగిన విషయమే. కాని గుర్తింపు పేరును కాపాడును, కూలిని నిర్ణయింపదు. కూలి నిర్ణయము కావలెనన్న పనిలోని లెక్క తెలియవలెను.

పంచాయతీలు చేయదగిన పనులు

ఈ విషయమున పంచాయతీలకు పెద్ద ధనవ్యయము లేకుండ చేయగల పనులు కొన్ని కలవు.

మొదటిది, గ్రామమున అల్లికపని చేయువారి పట్టిక తయారుచేయుట. పట్టికలో పేరెక్కిన నాడే ఆమె పనికత్తెగా గుర్తింపబడును. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయము ఇచ్చు గుర్తింపు కార్డులకును, భౌగోళిక గుర్తింపు క్రింద అధికృత వినియోగదారులుగా నమోదగుటకును ఇట్టి పట్టిక మార్గము సుగమము చేయును.

రెండవది, నమూనా పుస్తకము. మహిళా సంఘమువారు ప్రతి అంచు నమూనాను జానెడు పొడవున అల్లి, ఒక దళసరి పుస్తకములో అతికింపవలెను. దాని ప్రక్కన ఐదు సంగతులు వ్రాయవలెను : కొమ్మునకు ఎన్ని వరుసలు, శాలువలో ఎన్ని కుట్లు ఖర్చగును, కొమ్మునకు మొత్తము ఎన్ని కుట్లు, 10 కొమ్ములకు దారము తూకమెంత, 10 కొమ్ములకు పట్టిన కాలమెంత. 10 కొమ్ముల తూకము తెలిసినచో మొత్తము శాలువ అంచుకు కావలసిన దారమును గుణకారముచే తెలిసికొనవచ్చును. 164 కొమ్ములకు 10 కొమ్ముల తూకమును 16.4 చేత హెచ్చించిన సరిపోవును. పాఠశాలలోని బాలికలే ఈ లెక్క వేయగలరు. ఈ పుస్తకము పంచాయతీ కార్యాలయములో నుండిన యెడల బేరము వచ్చినపుడు నోటి మాటకు బదులు అంకెలు మాటలాడును.

మూడవది, వెలుతురు. సన్నని దారముతో చేయు పని కంటికి శ్రమ కలిగించును. పగటిపూట చక్కని వెలుతురు వచ్చు గదినిగాని, సామాజిక భవనములో ఒక వసారానుగాని అల్లికవారికి కేటాయించుట మేలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వారితో మాటలాడి, ఏటేట కంటి పరీక్ష జరుగునట్లు చూడవలెను. నడివయసు దాటినవారికి దగ్గరచూపు అద్దములు లభించిన మాత్రముననే పనిలో వేగము తిరిగి వచ్చును.

నాలుగవది, ఒప్పందము కాగితముమీద నుండుట. నమూనా యేది, కొమ్ములెన్ని, కూలి కొమ్మునకా, కుట్లకా, దినమునకా, దారము ఎవరిది, పాడైన దారపు నష్టము ఎవరిది, సొమ్ము ఎన్నడు ముట్టును అను విషయములు పని మొదలుపెట్టుటకు ముందే వ్రాసికొనవలెను. నమూనా మారినచో రేటును మరల లెక్కింపవలెనను ఒక్క వాక్యము ఆ కాగితములో తప్పక ఉండవలెను.

ఐదవది మన చేతిలోనే యున్నది. సభ జరిగినను, ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసినను, అధికారి బదిలీయైనను మన గ్రామములలో శాలువ కప్పి సన్మానించుట ఆచారము. ఆ శాలువలు చాలవరకు పట్టణపు అంగడినుండి వచ్చును. రెండవ నాటికి పెట్టెలో పడును. వానికి బదులు సాదా చేనేత శాలువను కొని, ఊరి స్త్రీలచే అంచు వేయించి ఇచ్చినచో సన్మానమునకు నిండుతనము కలుగును. ఊరి సొమ్ము ఊరిలోనే నిలుచును. ఏడాదికి పది శాలువలైనను పది మంది కొత్తవారు నేర్చుకొనుటకు ఆ పని చాలును.

చివరిగా ఒక మాట. పైని చెప్పిన లెక్కలో కూడిక, గుణకారము, భాగహారము తప్ప మరేమియు లేదు. అల్లు స్త్రీలకు వేళ్లలో ఈ లెక్క ఎప్పటినుండియో కలదు. అది కాగితముమీదికి రావలసియున్నది. వచ్చు గ్రామసభలో ఒక అరగంట ఇందుకై కేటాయించి, మీ ఊరి అల్లికవారిని పిలిచి, ఒక్క కొమ్మును ఎదుట అల్లించి, గడియారము చూచి కాలము వ్రాసికొనుడు. ఆ ఒక్క అంకెతోనే మీ నమూనా పుస్తకము మొదటి పుట ప్రారంభమగును.